పక్షుల లెక్క

విజయదశమినాడు పాలపిట్టను చూడడం మన ప్రాంతంలో తరతరాలుగా వస్తున్న ఆచారం. జమ్మిచెట్టుకు పూజ చేసి, ఊరి పొలిమేర దాటి, ఆ నీలిరెక్కల పక్షి ఎక్కడైనా కనబడుతుందేమోనని పెద్దలూ పిల్లలూ చెట్లవంకా తీగలవంకా చూస్తూ తిరుగుతారు. కనబడితే సంవత్సరమంతా జయమని సంతోషిస్తారు. ఆనాడు మనం వేసుకొనే ప్రశ్న ఒక్కటే: పిట్ట కనబడినదా, లేదా? ఎన్ని కనబడినవి, నిరుడు ఇదే చోట ఎన్ని ఉండేవి, పదేళ్ళ క్రిందట ఎన్ని ఉండేవి అని అడిగితే జవాబు చెప్పగలిగిన ఇల్లు మన నగరంలో దొరకడం కష్టం. 2014లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్రపక్షిగా ప్రకటించిన పక్షి విషయంలోనే మన ఎరుక ఇంతమాత్రమైతే, తక్కిన పక్షుల మాట చెప్పనక్కరలేదు.

ఈ రెండవ ప్రశ్నను గురించే నేడు శ్రోతలతో ముచ్చటించదలచినాము. అడవిపక్షుల లెక్క వ్రాయడం ఎట్లా, వ్రాసిన లెక్క ఎవరికి ఎందుకు పనికివస్తుంది అన్నది మన విషయం. అడవిపక్షులనగానే దూరారణ్యాలకు పోనక్కరలేదు. ఎవరూ పెంచకుండా, ఎవరూ మేపకుండా, తమంత తాము బ్రతికే పక్షులన్నీ ఆ మాటలో చేరుతవి. మన కిటికీ చూరులో ఉండే పిచ్చుకతో సహా.

ముషీరాబాదు నుంచి విద్యానగర్ మీదుగా తూర్పుకు వస్తే ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణ వస్తుంది. 1918లో నెలకొన్న ఈ విద్యాసంస్థకు 1939లో ఆర్ట్స్ కళాశాల భవనం సిద్ధమైనది. ఆ గులాబిరాతి భవనం చిత్రాలలో అందరూ చూచినదే. కాని ఆ భవనానికి చుట్టూ ఉన్న బండలు, ముళ్ళకంపలు, గడ్డిబయళ్ళు, ముదురుచెట్లు చిత్రాలకు ఎక్కవు. పక్షులకు కావలసినవి అవే. ఆవరణ దాటి తార్నాకకు వస్తే రహదారి, మెట్రో వంతెన, పరిశోధనాలయాలు, అంతస్తుల ఇళ్ళు. కాలినడకన దాటగలిగిన ఈ కొద్దిపాటి దూరంలోనే బయలు, తోపు, వీధి అనే మూడు వేరు లోకాలు ఒకదాని ప్రక్క ఒకటి ఉన్నవి. పక్షులను లెక్కించడం నేర్చుకొనదలచినవారికి ఇంతకంటె మంచి బడి నగరం నడుమ దొరకదు.

తెల్లవారుజామున అక్కడ నిలబడి వింటే ఏమి వినబడుతుంది? కోకిల వినబడుతుంది. నెమలి కేక వినబడుతుంది. రాగిరేకును చిన్న సుత్తితో కొట్టినట్లు కంసాలిపిట్ట వినబడుతుంది. జెముడుకాకి గుబులుగా కూస్తుంది. తీతువు ఎవరినో అదిలిస్తూ ఉంటుంది. పొదలలో నుంచి కౌజులు ఒకదానికొకటి పోటీపడి అరుస్తవి. మేము శబ్దాన్ని వృత్తిగా చేసుకొన్నవారము గనుక ఆ ప్రాతఃకాలపు కచేరీ మాకు మహానందం కలిగిస్తుంది. దానిని విన్న వారెవరైనా ‘ఈ చోట పక్షులకేమి కొదువ?’ అంటారు.

అయితే చెవి గట్టిగా అరిచేవాటినే లెక్కపెట్టుకొంటుంది. పాలపిట్ట ఎక్కువసేపు తీగమీదనో, మోడుమీదనో మౌనంగా కూర్చొని క్రింది నేలవంక చూస్తూ ఉంటుంది. మిడుతో కీచురాయో కదలితే దిగి పట్టుకొని మళ్ళీ అదే చోటికి వస్తుంది. గూడు పెట్టే వేసవిలో మాత్రం మగపక్షి ఆకాశంలో పల్టీలు కొడుతూ కర్ణకఠోరంగా అరుస్తుంది. అటువంటి పక్షి నెమ్మదిగా తగ్గిపోతూ ఉంటే కచేరీలో లోటు తెలియదు. కోకిల ఇంకొక నాలుగు కూతలు ఎక్కువ కూసి ఆ ఖాళీని పూరిస్తుంది.

పక్షుల వివరాలు వ్రాసిపెట్టడం మన దేశంలో కొత్త పని కాదు. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా ఉండిన జెర్డన్, నెల్లూరిలో పనిచేసిన కాలంలో చుట్టుపట్ల పక్షులను పరిశీలించినాడు. 1862 మొదలు 1864 వరకు వెలువడిన ఆయన గ్రంథంలో పక్షుల శాస్త్రీయనామాల ప్రక్కన తెలుగు పేర్లు కూడా ఉండడం మనకు విశేషం. పాలపిట్ట అన్న పేరుకు కారణంగా, దాని ఈకలను తరిగి గడ్డిలో కలిపి పెడితే తక్కువ పాలిచ్చే ఆవు ఎక్కువ పాలిస్తుందన్న నమ్మకాన్ని కూడా ఆయన వ్రాసినాడు. నమ్మకం మాట ఎట్లా ఉన్నా, ఆ వివరాలు చెప్పిన వారు మన పల్లెల పక్షివేటగాండ్రు, రైతులు. గ్రంథం మీద వారి పేర్లు లేకపోవచ్చును. అందులోని ఎరుకలో వారి వంతు చిన్నది కాదు.

మన హైదరాబాదు సంస్థానంలో క్రమపద్ధతిలో పక్షుల సర్వే జరిగినది 1931-32 సంవత్సరాలలో. నిజాం ప్రభుత్వపు తోడ్పాటుతో దానిని జరిపినవారు సలీం అలీ. తరువాత ఆయన దేశంలో ఎన్నో ప్రాంతాలను ఇట్లాగే సర్వే చేసినారు గాని, ఆ వరుసలో మొదటిది మనది. ఫలితాలు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భాగాలుగా వెలువడినవి. ఇంగ్లండులోని హ్యూ విస్లర్ నమూనాలను పరిశీలించి వాటికి వ్యాఖ్యలు వ్రాసినాడు. ఆ రోజులలో వివరమంటే తుపాకితో కొట్టిన పక్షి. దాని చర్మాన్ని వలిచి, ఎండించి, కాలికి ఒక చీటీ కట్టేవారు. దొరికిన తేదీ, చోటు, ఆడో మగో ఆ చీటీమీద ఉండాలి. చీటీ లేని చర్మం ఎంత అందమైనదైనా శాస్త్రానికి అది దూదితో నింపిన బొమ్మ. నేటివారికి తుపాకి అక్కరలేదు. దుర్భిణి చాలును. కాని చీటీ నియమం మాత్రం మారలేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూచినారు అన్నవి లేని వార్త ఎంత వింతైనదైనా పనికిరాదు.

ఇక్కడ ప్రసంగవశాత్తు ఒక మాట. సలీం అలీగారు రేడియోను కూడా తమ పనిముట్లలో ఒకటిగా చేసుకొన్నారు. 1941 నుంచి 1985 వరకు వారు ఆకాశవాణిలో పక్షులను గురించి చేసిన ప్రసంగాలను తారా గాంధీ సేకరించగా, 2021లో పుస్తకంగా వెలువడినవి. పక్షిశాస్త్రం పండితుల బీరువాలలో ఉండిపోకుండా ఇంటింటికీ పోవాలని అంతటి విద్వాంసుడే భావించినాడంటే, నేటి మా ప్రయత్నానికి అది చాలినంత ధైర్యం.

1980లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ పక్షివీక్షకుల సంఘం ఏర్పడినది. తరువాత అదే దక్కన్ బర్డర్స్ అయినది. వారు నడిపిన పత్రిక పేరు ‘పిట్ట’. ఉద్యోగస్థులు, విద్యార్థులు, గృహిణులు ఆదివారం ఉదయాలలో చెరువుగట్ల వెంట తిరిగి వ్రాసుకొన్న వివరాలకు అటువంటి పత్రికలు నిలువనీడ ఇచ్చినవి. అయినా పాత వ్రాతలలో ఒక చిక్కు ఉన్నది. అరుదైన పక్షి కనబడితే వివరంగా వ్రాసినారు. పాలపిట్ట, గోరువంక, పిచ్చుక వంటివాటిని ‘సాధారణం’ అన్న ఒక్క మాటతో వదలిపెట్టినారు. సాధారణమంటే రోజుకు రెండా, ఇరవయ్యా? ఎవరు చెప్పగలరు? అరుదైనదానికి చరిత్ర మిగిలినది. రోజూ కనబడేది చరిత్రకు ఎక్కలేదు.

ఈ చిక్కును తీర్చడానికి వచ్చినదే ‘పూర్తి జాబితా’ అనే పద్ధతి. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబాన్ సంఘం కలసి 2002లో ఆరంభించిన ‘ఈబర్డ్’ అనే వివరాల భాండాగారం దీనిని లోకమంతటా వ్యాపింపజేసినది. మన దేశంలో ‘బర్డ్ కౌంట్ ఇండియా’ అనే కూటమి ఆ పనిని ప్రచారం చేస్తున్నది. పద్ధతి బహు సులభం. ఒక చోటు ఎంచుకొనాలి. ఆరంభించిన వేళ వ్రాయాలి. ఎంతసేపు చూచినామో, ఎంత దూరం నడిచినామో, ఎంతమంది ఉన్నామో వ్రాయాలి. ఆ వేళలో కనబడిన, వినబడిన పక్షులలో గుర్తించగలిగినవాటి నన్నిటినీ, ఇష్టమైనవీ కానివీ అన్న భేదం లేకుండా, సంఖ్యతో సహా వ్రాయాలి. ఉదాహరణకు: ఆర్ట్స్ కళాశాల వెనుక, ఉదయం 6-30, అరగంట నడక, ఇద్దరు మనుష్యులు, గోరువంకలు 14, పిగిలిపిట్టలు 6, నల్లగ్రద్దలు 3, కాకులు 9, తీతువులు 2. అంతే.

ఈ జాబితాలో పాలపిట్ట లేదు. దాని పేరే లేదు. అయినా ఈ జాబితా పాలపిట్టను గురించి ఒక సాక్ష్యం చెప్పుతున్నది. అన్నీ వ్రాసినామని మాట ఇచ్చినాము గనుక, వ్రాయనిది కనబడలేదని అర్థం. మనకు నచ్చిన పక్షిని మాత్రమే వ్రాసిన జాబితాకు ఈ శక్తి లేదు. మా దృష్టిలో ఈ పద్ధతి అంతటిలోనూ ఇదే ప్రాణం: కనబడినదానిని వ్రాయడంవల్ల కనబడనిదానికి కూడా లెక్క ఏర్పడుతుంది.

మరొక చిక్కు. నానాటికీ పక్షులను చూచేవారి సంఖ్య పెరుగుతున్నది. చూచేవారు పెరిగితే పక్షులు పెరిగినట్లు భ్రమ కలుగదా? కలుగుతుంది. ఊహకోసం ఒక లెక్క వేద్దాము. ఒక సంవత్సరం విశ్వవిద్యాలయం ఆవరణనుంచి 50 జాబితాలు వచ్చినవనుకొందాము. పదింటిలో పాలపిట్ట ఉన్నది. కొన్నేళ్ళ తరువాత 500 జాబితాలు వచ్చినవి. యాభైయింటిలో పాలపిట్ట ఉన్నది. పది సార్లు కనబడినది యాభై సార్లు కనబడినదని పండుగ చేసుకొనవచ్చునా? మొదట ఐదు జాబితాలకు ఒకదానిలో కనబడేది, ఇప్పుడు పదింటికి ఒకదానిలో కనబడుతున్నది. అంటే కనబడే అవకాశం సగానికి పడిపోయినది. అందుచేత పరిశోధకులు మొత్తాన్ని చూడరు, పాలు చూస్తారు. ఇంకా ఋతువు, వేళ, నడచిన కాలం వీటిని కూడా సరిచూచి, చలికాలపు జాబితాను చలికాలపు జాబితాతోనే పోలుస్తారు. అరగంట చూచినవారిని, పూటంతా చూచినవారిని ఒక గాట కట్టరు.

ఇట్లా దేశమంతటినుంచి 30,000 మందికి పైగా పక్షివీక్షకులు వ్రాసిన మూడు కోట్ల పైచిలుకు వివరాలను క్రోడీకరించి, 2023లో ‘భారత పక్షుల స్థితి’ అనే నివేదిక వెలువడినది. అందులో 942 జాతులను పరిశీలించినారు. దీర్ఘకాలపు పోకడ తేల్చడానికి వీలైనవి 338 జాతులు. వాటిలో తగ్గినవి 204, నిలకడగా ఉన్నవి 98, పెరిగినవి 36. ఈ మూడు అంకెలు ఒకసారి మనస్సులో నిలుపుకొని, మళ్ళీ మన తార్నాక తెల్లవారుజామును తలచుకొందాము. నెమలి దేశంలో నూటికి 150 వంతులకు పైగా పెరిగినదని ఆ నివేదిక అంటున్నది. కోకిల నూటికి 75 వంతులు పెరిగినది. అంటే మన కచేరీలో పెద్దగొంతుకల విద్వాంసులు ఇద్దరూ పెరుగుతున్న ఆ ముప్పయ్యారింటిలోనివారే! మౌనంగా తీగమీద కూర్చొనే పాలపిట్ట మాత్రం తగ్గుతున్న పక్షమున ఉన్నది. దానిని అత్యధిక శ్రద్ధ అవసరమైన జాతులలో చేర్చి, ప్రపంచస్థాయిలో దాని స్థితిని మళ్ళీ పరిశీలించవలసిన 14 జాతులలో ఒకటిగా సూచించినారు. చెవి చెప్పినదానికి లెక్క చెప్పినది పూర్తిగా ఎదురు.

లెక్క మన భయాలను కూడా కొంత దిద్దుతుంది. ఊరపిచ్చుక దేశంలో లేకుండా పోతున్నదని మనమంతా చాలాకాలంగా విచారిస్తున్నాము. 2020లో వెలువడిన మొదటి నివేదిక ప్రకారం దేశం మొత్తంమీద పిచ్చుక దాదాపు నిలకడగానే ఉన్నది. పెద్ద నగరాలలో మాత్రం క్రమంగా తగ్గుతున్నది. కనుక మన విచారం అబద్ధం కాదు, అది నగరవాసి విచారం. పల్లెలో ఉన్న బంధువుల ఇంటికి పోయినప్పుడు దీనిని శ్రోతలే పరీక్షించి చూడవచ్చును.

ఇంత శ్రమపడి వ్రాసిన లెక్క ఎవరికి ఉపకరించినది అని అడిగేవారికి రాబందుల కథ ఒకటి చాలును. భరత్‌పూరు పక్షి సంరక్షణకేంద్రంలో పాత లెక్కలు ఉన్నవి గనుకనే, 1990ల చివరికి రాబందులు కూలిపోతున్న సంగతి విభు ప్రకాశ్ అనే శాస్త్రజ్ఞుడు రుజువు చేయగలిగినాడు. పశువులకు వాడే డైక్లోఫెనాక్ అనే మందు కళేబరాల ద్వారా వాటికి విషమవుతున్నదని 2004లో తేలినది. 2006లో ప్రభుత్వం పశువైద్యానికి ఆ మందును నిషేధించినది. అప్పటికే తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి చొప్పున మిగిలే దశకు చేరుకొన్నవి. పాత లెక్కలు కూడా లేకపోతే ఆ సంగతి ఇంకా ఎంత ఆలస్యంగా తెలిసేదో!

మన తెలుగునేలమీద ఇంతకంటె చిత్రమైన కథ కలివికోడిది. జెర్డన్ కంటబడి 1848లో శాస్త్రానికి పరిచయమైన ఆ పక్షి, 1900 తరువాత ఎవరికీ కనబడలేదు. అంతరించినదనే అనుకొన్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో, బొంబాయి సొసైటీకి చెందిన భరత్ భూషణ్, స్థానిక పక్షివేటగాండ్ర సహాయంతో దానిని తిరిగి కనుగొన్నాడు. లంకమల ప్రాంతపు పొదలలో రాత్రివేళ తిరిగే ఆ పక్షిని లెక్కించడం ఎట్లా? జగన్నాథన్ మొదలైన పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టి పట్టీలు పరచి, తెల్లవారి వాటిమీద పడిన అడుగుజాడలు చదివినారు. తమంత తామే ఫొటో తీసే కెమెరాలు పెట్టినారు. దాని కూతను పట్టి, ఆ కూతను వినిపించి, జవాబు వచ్చిన చోటులు గుర్తించినారు. పొద ఎంత దట్టంగా ఉంటే పక్షి ఉంటుంది, ఎంత పలచబడితే పోతుంది అన్నది అట్లా తెలిసినది.

2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకం ఆ పక్షి ఉండే చోటికే వచ్చినప్పుడు ఈ అడుగుజాడల లెక్కే సాక్ష్యమైనది. విషయం న్యాయస్థానం దాకా పోయినది. కాలువ దారి మార్చినారు. రైతులకు నీరు అక్కరలేదని ఎవరూ అనలేదు. నీరు ఏ దారిన పోతే రెండు ప్రాణాలూ నిలుస్తవి అన్నదే ప్రశ్న. లెక్క లేకపోతే ఆ ప్రశ్న వేయడానికే వీలులేదు. ఆ తరువాత ఏళ్ళ తరబడి కలివికోడి జాడ తెలియలేదు. 2025 ఆగస్టులో కడప జిల్లాలో దాని కూత మళ్ళీ రికార్డయినదన్న వార్త వచ్చినది. కంటికి కాక చెవికి చిక్కినదన్నమాట. చెవిని ఇందాక కొంత నిందించినాము గనుక దాని గొప్పను కూడా చెప్పడం న్యాయం.

తిరిగి మన ఆవరణకు వద్దాము. విశ్వవిద్యాలయంలో కొత్త భవనాలు రాక తప్పదు; వసతిగృహాలు కావాలి, దారులు కావాలి. ఖాళీ నేల కనబడితే మొక్కలు నాటడం పుణ్యకార్యమని మనకందరికీ అభిప్రాయం. చెట్టు మంచిదే. కాని పాలపిట్ట, తీతువు, కౌజు తోపులో బ్రతికేవి కావు. వాటికి పొట్టిగడ్డి, బయలునేల, అక్కడక్కడ పొదలు కావాలి. పాలపిట్ట గూడు పెట్టడానికి తొర్రగల ముసలిచెట్టో, ఎండిన తాటిమోడో ఉండాలి. ప్రతి బయలునూ మొక్కలతో నింపి, ప్రతి మోడునూ శుభ్రత పేరిట కొట్టివేస్తే, ఆవరణ పచ్చగా ఉంటుంది, కోకిల సుఖంగా ఉంటుంది, పాలపిట్టకు చోటు ఉండదు. ఏ బయలును వదలాలి, ఏ చోట కట్టాలి అన్నది నిర్ణయించేవారి ముందు నాలుగు సంవత్సరాల జాబితాలు ఉంటే వాదం తగ్గుతుంది. అందుకే మన దేశంలో ఏటేటా ఫిబ్రవరిలో కళాశాలల ఆవరణలలో పక్షులను లెక్కించే కార్యక్రమం ఒకటి నడుస్తున్నది. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ బర్డింగ్ పాల్స్, దక్కన్ బర్డర్స్, డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. ఇండియా కలసి, నగరాన్ని చదరాలుగా విభజించి పక్షుల అట్లాసు తయారుచేసే పని కూడా ఆరంభించినవి. కేరళవారు 2015 నుంచి 2020 వరకు తమ రాష్ట్రమంతటికీ ఇటువంటిదానిని పూర్తిచేసి చూపినారు.

వివరం ఇచ్చేవారు ఒక జాగ్రత్త పాటించాలి. దసరాకు ముందు పాలపిట్టలను పట్టి, కాళ్ళు కట్టి, పంజరాలలో పెట్టి, డబ్బు పుచ్చుకొని దర్శనం చేయించేవారు నగరంలో తిరుగుతుంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అట్లా పట్టుబడిన పక్షులలో ఎన్నో రెక్కలు చెడి చనిపోతవి. కనుక తొర్ర ఫలానా చెట్టులో ఉన్నదని, ఫలానా మోడుమీద జంట కూర్చొంటుందని ఊరంతటికీ చాటరాదు. జాబితాలో ఆవరణ పేరు చాలును. మరీ అపాయంలో ఉన్న జాతులు కనబడిన చోట్లను ఈబర్డువారే బయటపెట్టకుండా దాచుతారు.

పక్షుల పేర్లు తెలియవని వెనుదీసేవారున్నారు. పది పేర్లతో ఆరంభించవచ్చును. పెంకుటింటిలో ఉన్నవారికీ, తార్నాకలో నాలుగవ అంతస్తులో ఉన్నవారికీ కాకి, పావురం, గోరువంక, చిలుక, గ్రద్ద, పిచ్చుక తెలియనివి కావు. తెలియని పక్షిని తెలియదనే వదలవచ్చును. ఊహించి పేరు పెట్టడం కంటె అది ఎంతో మేలు. కోకిలలో ఆడది నల్లగా ఉండదని, ఒళ్ళంతా చుక్కలుంటవని మా మిత్రులకు చెప్పినప్పుడు సగంమంది నమ్మలేదు. కవులు వారికి మగకోకిలనే చూపినారు మరి.

ప్రపంచమంతటా పెరటి పక్షులను లెక్కించే నాలుగు రోజుల కార్యక్రమం ఏటా ఫిబ్రవరి నడుమ జరుగుతుంది. అది 1998లో ఆరంభమైనది. మన దేశం 2013 నుంచి పాల్గొంటున్నది. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట చూడడం అందులోని నియమం. ఇంచుమించు మా ప్రసంగం పట్టినంత సేపు. కాగితం, పెన్సిలు, గడియారం దగ్గర పెట్టుకొని, తలుపు తీసి వసారాలో కూర్చొంటే సరిపోతుంది. ముందుగా వ్రాయవలసినది పక్షి పేరు కాదు. తేదీ, వేళ, చోటు.